వీఆర్ హెడ్‌సెట్‌లో బొమ్మ ఆగుతోందా, సౌండ్ తెగుతోందా? డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి

దుబాయ్ నుంచో, కువైట్ నుంచో మామూ వస్తూ పిల్లల కోసం వీఆర్ హెడ్‌సెట్ తెస్తాడు. మొదటి వారం ఇల్లంతా సందడే. ఆ తర్వాత ఫిర్యాదులు మొదలవుతాయి. ఆట మధ్యలో బొమ్మ ఒక్క క్షణం నల్లబడుతుంది, లేదా ముక్కలు ముక్కలుగా కదులుతుంది. బొమ్మ బాగానే ఉన్నా సౌండ్ టక్కున తెగి మళ్లీ వస్తుంది. "కంప్యూటర్ పాతదైంది, గ్రాఫిక్స్ కార్డు మార్చాలి" అని ఒకరు, "నెట్ ప్లాన్ పెంచాలి" అని ఇంకొకరు సలహా ఇస్తారు. రెండూ జేబుకి చిల్లు పెట్టే సలహాలే. చాలా ఇళ్లలో అసలు లోపం వదులైన కేబుల్‌లోనో, బీరువా వెనక పెట్టిన రూటర్‌లోనో, విండోస్‌లో మారిపోయిన ఒక సెట్టింగ్‌లోనో ఉంటుంది.

నంద్యాలలో కంప్యూటర్ షాపులకు కొదవ లేదు గానీ వీఆర్ తెలిసిన మెకానిక్ దొరకడం కష్టం. ఆళ్లగడ్డ వాళ్లైతే కంప్యూటర్ సంచిలో పెట్టుకుని సుమారు 40 కిలోమీటర్లు బస్సులో రావాలి, ఒక రోజు పని పోతుంది. తీరా వచ్చాక షాపులో అంతా బాగానే ఆడుతుంది, ఎందుకంటే లోపం ఇంటి వైఫైలోనో, ఇంటి కరెంటులోనో ఉండిపోయింది. అందుకే ఈ వివరాలన్నీ ఒక్కచోట ఇస్తున్నాం. ఖర్చు లేని పరీక్షలు ముందు, తక్కువ ఖర్చువి తర్వాత, ఖరీదైనవి చివర. ఈ వరుస తప్పకండి.

బొమ్మ ఎక్కడి నుంచి వస్తుందో ముందు తెలుసుకోండి

హెడ్‌సెట్లు ముఖ్యంగా మూడు రకాల వాడకంలో ఉన్నాయి.

మొదటిది, హెడ్‌సెట్ ఒక్కటే ఆడేది. మెటా కంపెనీ క్వెస్ట్ 2, క్వెస్ట్ 3, క్వెస్ట్ 3ఎస్ ఇలా ఆడతాయి. ప్రాసెసర్, బ్యాటరీ, స్పీకర్లు అన్నీ లోపలే ఉంటాయి.

రెండోది, అదే క్వెస్ట్‌ని కంప్యూటర్‌కి కలిపి ఆడేది. ఆట కంప్యూటర్‌లో నడుస్తుంది. బొమ్మ, సౌండ్ కేబుల్ ద్వారానో, వైఫై ద్వారానో హెడ్‌సెట్‌కి వస్తాయి. వైఫై పద్ధతిలో ఎయిర్ లింక్, స్టీమ్ లింక్, వర్చువల్ డెస్క్‌టాప్ అనే యాప్‌లు వాడతారు.

మూడోది, ప్లేస్టేషన్ 5కి కలిపే పీఎస్ వీఆర్2. సోనీ దీన్ని 2023 ఫిబ్రవరిలో విడుదల చేసింది.

రెండో పద్ధతిలోనే తెగిపోవడాలు ఎక్కువ. దారి పొడుగ్గా ఉంటుంది కదా: ఆట, గ్రాఫిక్స్ కార్డు, యూఎస్‌బీ పోర్టు లేదా రూటర్, కేబుల్ లేదా గాలి, చివరికి హెడ్‌సెట్. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం వదులైనా మీకు కనిపించేది ఒకటే, నల్లబడిన తెర.

సెకనుకి 90 బొమ్మలు చూపించే హెడ్‌సెట్‌లో ఒక్కో బొమ్మకి దొరికే టైము దాదాపు 11 మిల్లీసెకన్లు. 72 బొమ్మలైతే దాదాపు 14, 120 అయితే 8 మిల్లీసెకన్ల పైచిలుకు. టీవీలో సినిమా చూస్తుంటే అర సెకను ఆగినా పట్టించుకోం. తలకి కట్టుకున్న తెర ఆగితే కళ్లు ఒకటి చెబుతాయి, చెవి లోపలి భాగం ఇంకొకటి చెబుతుంది, కడుపులో తిప్పుతుంది. కాబట్టి బొమ్మ తెగుతుంటే "పర్లేదు, ఆడేయ్" అనకుండా ఆపేసి కారణం చూడాలి.

లక్షణాన్ని బట్టి ఎక్కడ వెతకాలి

- తెర నల్లబడటం, సౌండ్ ఆగడం రెండూ ఒకేసారి జరిగి, తల సర్దుకోగానే తిరిగి వస్తే: ముఖం దగ్గరి సెన్సర్ చూడండి.
- బొమ్మ గడులు గడులుగా పగిలితే: వైఫై.
- కేబుల్ కదిలినప్పుడే ఆగితే: కేబుల్ లేదా పోర్టు.
- బొమ్మ బాగుండి సౌండ్ మాత్రమే పోతే: విండోస్ ఆడియో సెట్టింగ్స్ లేదా బ్లూటూత్.
- 20, 30 నిమిషాలు బాగా ఆడి తర్వాత మొదలైతే: వేడి.
- చుట్టూ కనిపించే లోకం పక్కకి జరిగినట్టు, చేతులు ఎగిరిపోయినట్టు ఉంటే: ట్రాకింగ్, అంటే గదిలో వెలుతురు.
- సాయంత్రం పూట, లేదా మోటర్, కూలర్ వేసినప్పుడే వస్తే: కరెంటు.

ముందుగా పైసా ఖర్చు లేని పరీక్షలు

ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఒకసారి ఒక్కటే మార్చండి, పది నిమిషాలు ఆడి చూడండి, ఫలితం రాయండి. జమా ఖర్చులు కలవనప్పుడు ఒక్కో పద్దు విడిగా చూస్తాం కదా, ఇదీ అంతే. నాలుగు సెట్టింగ్స్ ఒకేసారి మార్చేస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలీదు.

ఒకటి: కంప్యూటర్ నుంచి విడదీసి, హెడ్‌సెట్‌లో ఉన్న ఆటనే ఆడండి. బాగా ఆడితే హెడ్‌సెట్‌కి ఏమీ కాలేదు. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి.

రెండు: హెడ్‌సెట్ పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేయండి. పవర్ బటన్ ఒక్కసారి నొక్కితే అది నిద్రలోకి పోతుందంతే. బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ అన్నది ఎంచుకోవాలి. కంప్యూటర్‌ని కూడా షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చేయండి. విండోస్‌లో మామూలు షట్‌డౌన్ కొన్ని సంగతులు దాచి ఉంచుతుంది, రీస్టార్ట్ శుభ్రంగా మొదలుపెడుతుంది.

మూడు: చాలా హెడ్‌సెట్లలో రెండు లెన్సుల మధ్య పైభాగంలో చిన్న సెన్సర్ ఉంటుంది. ముఖం దగ్గర లేదనిపిస్తే అది తెర, సౌండ్ ఆపేస్తుంది. కళ్లజోడు పెట్టుకున్న వాళ్లకి, పట్టీ వదులుగా ఉన్న చిన్న పిల్లలకి మధ్యలో సందు వచ్చి ఇలా అవుతుంటుంది. పొడిబట్టతో మెల్లగా తుడవండి, పట్టీ బిగించండి. హెడ్‌సెట్ బల్లమీద పెట్టి ఆ సెన్సర్‌ని వేలితో మూసి చూడండి. తెర ఆరిపోకుండా వెలుగుతూ ఉంటే లోపం కూర్చునే తీరులోనే ఉంది.

నాలుగు: గదిలో వెలుతురు చూడండి. మసక వెలుతురులో హెడ్‌సెట్ కెమెరాలకి గది కనిపించదు. పెద్ద అద్దం, నిగనిగలాడే బీరువా తలుపు ఎదురుగా ఉంటే కూడా తికమక పడతాయి. అద్దం మీద దుప్పటి కప్పి చూడండి.

కేబుల్ పద్ధతిలో ఆడేవాళ్లకి

డబ్బాలో చార్జింగ్ కోసం ఇచ్చే కేబుల్ బొమ్మ మోయడానికి సరిపోకపోవచ్చు. యూఎస్‌బీ 2 కేబుల్ గరిష్ఠంగా 480 మెగాబిట్లు మోస్తుంది. యూఎస్‌బీ 3 మొదటి మెట్టే 5 గిగాబిట్లు, అంటే పది రెట్లు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌లోని మెటా లింక్ యాప్‌లో కేబుల్‌ని పరీక్షించే సదుపాయం ఉంది, అది ఎంత వేగం వస్తుందో చూపిస్తుంది. కొత్త కేబుల్ కొనే ముందు ఈ పరీక్ష చేయండి.

పొడవు కూడా ముఖ్యం. మామూలు రాగి తీగ యూఎస్‌బీ 3 కేబుల్ 3 మీటర్లు దాటితే సిగ్నల్ బలహీనపడుతుంది. ఐదు మీటర్లు కావాలంటే దానికోసం తయారు చేసిన ప్రత్యేక కేబులే తీసుకోవాలి. రెండు చిన్న కేబుళ్లు జాయింట్ వేసి ఆడకండి.

డెస్క్‌టాప్ అయితే కేసు ముందుభాగంలోని పోర్టు వదిలేసి వెనక మదర్‌బోర్డు పోర్టుకి నేరుగా పెట్టండి. మధ్యలో యూఎస్‌బీ హబ్ వద్దు. ఆ తర్వాత విండోస్ పవర్ ఆప్షన్స్‌లో "యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్" అనేదాన్ని ఆపేయండి. కరెంటు ఆదా కోసం విండోస్ పోర్టుని కాసేపు నిద్రపుచ్చుతుంది, ఆ కునుకే మీ ఆటలో నల్లతెర.

కేబుల్‌ని హెడ్‌సెట్ పక్క పట్టీకి ఒక క్లిప్పుతో బిగించండి. తల తిప్పినప్పుడు ఆ లాగుడు సాకెట్ మీద పడకూడదు. సాకెట్ ఒకసారి వదులైతే రిపేరు ఖర్చు చాలా ఎక్కువ.

వైఫై పద్ధతిలో ఆడేవాళ్లకి

చాలామందికి తెలియని సంగతి ఇది. ఎయిర్ లింక్‌తో కంప్యూటర్ నుంచి హెడ్‌సెట్‌కి వచ్చే బొమ్మ ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. మీ ఇంటి రూటర్ వరకే వెళ్లి వెనక్కి వస్తుంది. కాబట్టి ఏపీ ఫైబర్‌నెట్ కానీ, జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ కానీ, ప్లాన్ 50 నుంచి 200 మెగాబిట్లకి పెంచినా ఈ తెగుడు తగ్గదు. నెలనెలా అదనంగా కట్టే డబ్బు వృథా. చూడాల్సింది రూటర్ని.

రూటర్‌లో రెండు పేర్లు కనిపిస్తాయి, ఒకటి మామూలుది, ఇంకోటి చివర 5జీ అని ఉండేది. ఈ 5జీకి మొబైల్ 5జీకి సంబంధం లేదు. ఇది 5 గిగాహెర్ట్జ్ వైఫై. హెడ్‌సెట్‌ని దీనికే కలపండి. 2.4 గిగాహెర్ట్జ్ మీద పక్కింటి రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఒకేచోట గొడవ పడుతుంటాయి. యూఎస్‌బీ 3 పరికరాల నుంచి వచ్చే గోల కూడా ఇదే బ్యాండ్‌ని చెడగొడుతుందని ఇంటెల్ కంపెనీ 2012లోనే ఒక పత్రంలో వివరించింది.

అయితే 5 గిగాహెర్ట్జ్‌కి ఒక బలహీనత ఉంది, గోడలు దాటలేదు. మన వైపు పాత ఇళ్లలో రాతి గోడలు మందంగా ఉంటాయి. హాల్లో రూటర్, లోపలి గదిలో ఆట అంటే కుదరదు. ఆడే గదిలోనే రూటర్ ఉండాలి, అదీ ఛాతీ ఎత్తులో, ఎదురుగా. ఇనుప బీరువా, ఫ్రిజ్, నీళ్ల డ్రమ్ము వెనక పెడితే సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది.

కంప్యూటర్‌ని మాత్రం వైఫైతో కలపకండి, లాన్ వైరుతో రూటర్‌కి కలపండి. రెండూ వైఫై మీదుంటే ఒకే దారిలో రెండుసార్లు బరువు మోసినట్టే. వైరు పెట్టాక విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉంటే బాగున్నట్టు. 100 ఉంటే రూటర్ పోర్టు చవకది కావచ్చు, లేదా వైరులో ఒక తీగ తెగి ఉండొచ్చు. వైరు మార్చినా 100 దగ్గరే ఉంటే ఎయిర్ లింక్ బిట్‌రేట్‌ని 60కి దించి ఆడండి. బొమ్మ కాస్త మసకబారినా ఆగదు.

రూటర్ సెట్టింగ్స్‌లో చానెల్ ఆటోలో ఉంటే 36 నుంచి 48 మధ్య, లేదా 149 నుంచి 161 మధ్య ఒకటి పెట్టండి. మధ్యలోని చానెళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ ఉందనిపిస్తే రూటర్ చానెల్ వదిలేసి వేరేదానికి మారుతుంది, ఆ కాసేపు ఆట పోతుంది. అన్నట్టు, ఆడుతున్నప్పుడు అమ్మీ ఫోన్‌లో వీడియో బ్యాకప్, తమ్ముడి ఫోన్‌లో డౌన్‌లోడ్ నడుస్తుంటే వాటిని కాసేపు 2.4కి మార్చేయండి.

సౌండ్ మాత్రమే పోతుంటే

విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, అవుట్‌పుట్ ఎక్కడికి పోతోందో చూడండి. మానిటర్‌కి స్పీకర్లు ఉంటే విండోస్ తనంతట తానే సౌండ్‌ని అటు మళ్లిస్తుంది. క్వెస్ట్ అయితే "ఓకులస్ వర్చువల్ ఆడియో డివైస్" అనే పేరు ఎంచుకోవాలి. మైకు కూడా అదే ఎంచుకోండి.

ఎవరైనా మాట్లాడగానే ఆట సౌండ్ తగ్గిపోతోందా? పాత సౌండ్ ప్యానెల్‌లో "కమ్యూనికేషన్స్" అనే పేజీ ఉంటుంది. కాల్ వచ్చినప్పుడు మిగతా సౌండ్‌ని 80 శాతం తగ్గించమని అక్కడ ముందే పెట్టి ఉంటుంది. దాన్ని "డూ నథింగ్"కి మార్చండి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వీఆర్‌కి నప్పవు. సౌండ్ ఆలస్యంగా వస్తుంది. మైకు కూడా వాడితే నాణ్యత పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా పడిపోతుంది. క్వెస్ట్ 3కి 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంది, మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు. క్వెస్ట్ 3ఎస్‌కి ఆ జాక్ లేదు, దాని సొంత స్పీకర్లతో ఆడుకోవడమే మేలు.

ఇంకో సంగతి. యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్‌కి ప్రభుత్వం అనుమతించిన యాప్‌లే పని చేస్తాయి. ఆటలో మిగతా వాళ్ల గొంతులు వినిపిస్తూ దుబాయ్‌లో ఉన్న భాయ్ గొంతు ఒక్కటే రాకపోతే, ఇక్కడి హెడ్‌సెట్‌ని విప్పి చూడాల్సిన పని లేదు.

కరెంటు సంగతి

కంప్యూటర్ ఇన్వర్టర్ మీద ఉంటే, ఇన్వర్టర్ వెనక ఉన్న స్విచ్ "యూపీఎస్ మోడ్"లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు మారడానికి పట్టే సందులో ఫ్యాన్‌కి ఏమీ కాదు గానీ కంప్యూటర్, రూటర్ రీస్టార్ట్ అయిపోతాయి. రూటర్ ఒక్కటే ఆగుతుంటే దానికోసం చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు వస్తాయి. మీ రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసుకుని అదే కొనండి.

గల్ఫ్ నుంచి వచ్చిన చార్జర్లకి మూడు చదరపు పిన్నులుంటాయి. చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే మన కరెంటుకి సరిపోతుంది, సమస్య మధ్యలో పెట్టే చవక కన్వర్టర్ పిన్నుతోనే. అది సాకెట్‌లో ఊగుతుంటే చార్జింగ్ తెగి తెగి ఎక్కుతుంది, నిప్పురవ్వలు కూడా వస్తాయి. బిగువుగా కూర్చునే మంచిది కొనండి, లేదా ఇక్కడి పిన్నుతో అదే వాటేజ్ ఉన్న మంచి కంపెనీ టైప్ సి చార్జర్ వాడండి.

వీధి మొత్తానికి వోల్టేజీ ఎక్కుతూ దిగుతూ ఉంటే అది ఇంట్లో తీరేది కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ ఏపీఎస్పీడీసీఎల్ పరిధిలోవే. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ఎండాకాలం జాగ్రత్తలు

క్వెస్ట్‌ని, పీఎస్ వీఆర్2ని 35 డిగ్రీల లోపే వాడాలని కంపెనీలు చెబుతున్నాయి. నంద్యాలలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలే. మధ్యాహ్నం పైకప్పు వేడెక్కిన గదిలో ఆడితే హెడ్‌సెట్ తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది, బొమ్మ తడబడుతుంది. ల్యాప్‌టాప్ కూడా అంతే. రాత్రిపూట, లేదా ఏసీ గదిలో ఆడండి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద కాకుండా బల్ల మీద పెట్టండి, కచ్చితంగా చార్జర్ పెట్టి ఆడండి, బ్యాటరీ మీద గ్రాఫిక్స్ పూర్తి శక్తితో నడవదు. ఎయిర్ కూలర్ ఎదురుగా కూర్చోవద్దు, ఆ తేమకి లెన్సుల మీద ఆవిరి పట్టొచ్చు.

హెడ్‌సెట్‌ని ఎండ తగిలే కిటికీలోనో, మిద్దె మీదనో అస్సలు పెట్టకండి. లెన్సు భూతద్దంలా పని చేసి లోపలి తెరని కాల్చేస్తుంది. ఆ మచ్చ పోదు.

పీఎస్ వీఆర్2, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి

పీఎస్ వీఆర్2కి ఒకటే కేబుల్, 4.5 మీటర్లు. అది ప్లేస్టేషన్ ముందుభాగంలోని టైప్ సి పోర్టుకి నేరుగా పెట్టాలి. దీన్ని కంప్యూటర్‌కి కలపడానికి సోనీ 2024 ఆగస్టులో ఒక అడాప్టర్ తెచ్చింది. దానికి డిస్‌ప్లేపోర్ట్ 1.4 కేబుల్ విడిగా కొనాలి, కంప్యూటర్‌లో బ్లూటూత్ కూడా ఉండాలి. హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్‌లకి ఇది కుదరదు. కొనే ముందే పోర్టు చూసుకోండి.

పాత "విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ" హెడ్‌సెట్లు ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తుంటాయి. విండోస్ 11లో 2024 అక్టోబర్‌లో వచ్చిన 24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ వాటికి మద్దతు తీసేసింది. మొన్నటిదాకా బాగా ఆడిన హెడ్‌సెట్ అప్‌డేట్ తర్వాత ఆగిపోతే కారణం ఇదే కావచ్చు.

కొత్తది ఇక్కడే కొని, లోపం ఉన్నా అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవచ్చు. బిల్లు ఉండాలి. విదేశంలో కొన్నదైతే తెచ్చినవాళ్ల దగ్గర బిల్లు ఫొటో అడిగి దాచుకోండి.

పిల్లల విషయం

మెటా హెడ్‌సెట్లకి కనీస వయసు పదేళ్లు, పది నుంచి పన్నెండేళ్ల వాళ్లకి తల్లిదండ్రుల అదుపులో ఉండే ఖాతా కావాలి. సోనీ అయితే పన్నెండేళ్లు అంటుంది. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా పెట్టుకోకూడదు. బొమ్మ తెగుతున్నప్పుడు పిల్లలు "తల తిరుగుతోంది" అంటే వెంటనే తీసేయించండి. లోపం సరిచేశాకే మళ్లీ ఇవ్వండి.

షాపుకి వెళ్లాల్సి వస్తే

పైవన్నీ చూశాక కూడా తెగుతుంటే అప్పుడు గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్ల వంతు. ముందు డ్రైవర్ అప్‌డేట్ చేసి చూడండి. అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లండి. ఆటలో బొమ్మ నాణ్యత ఒక మెట్టు దించండి, 90 నుంచి 72కి మార్చండి. అలా బాగా ఆడితే కార్డు శక్తి చాలడం లేదని అర్థం. కొత్తది కొనాలా, తక్కువ నాణ్యతతో సర్దుకోవాలా అన్నది ఇక మీ ఇష్టం.

షాపుకి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఈ ఐదు రాసుకెళ్లండి: హెడ్‌సెట్ పేరు, విండోస్ వెర్షన్, కేబులా వైఫైయా, ఎన్ని నిమిషాలకి తెగుతోంది, ఏమేం మార్చి చూశారు. ఆ కాగితం ఉంటే మెకానిక్ మొదటి నుంచి వెతకక్కర్లేదు, అవసరం లేని పార్టు మీకు అంటగట్టే వీలూ తగ్గుతుంది. కేబుల్, కన్వర్టర్ పిన్ను, చార్జర్ కూడా సంచిలో వేసుకెళ్లడం మర్చిపోకండి.